ఆకాశం ఇచ్చిన తంతి

మా అక్క కూతురు విమానం నడుపుతుంది. ఈ మాట నా నోట్లోంచి వచ్చిందో లేదో, ఎదుటివాళ్ళు గుండెల మీద చెయ్యేసుకుని "అమ్మో, భయం వెయ్యదూ ఆ పిల్లకి?" అంటారు. దానికి వెయ్యదు. దాని వంతు భయం కూడా మా అక్కే పడుతుంది.

పిల్ల ఉద్యోగం హైదరాబాదులో, ఉండటం మా ఇంట్లో. అక్క బెజవాడ సత్యనారాయణపురంలో. వారానికి రెండు మూడుసార్లు పొద్దున్నే గన్నవరం వెళ్ళి వచ్చే డ్యూటీ పడుతుంది పిల్లకి. చలికాలం మొదలైందంటే చాలు, తెల్లవారుజామున నాలుగున్నరకే నా ఫోను మోగుతుంది. "ఇక్కడ ఎదురింటి డాబా కనిపించడం లేదే. దాన్ని ఇవాళ వెళ్ళొద్దని చెప్పు. నేను చెప్తే విసుక్కుంటుంది, నువ్వు పిన్నివి కనక వింటుంది" అంటుంది అక్క. ఉద్యోగమంటే పేరంటం కాదు కదా, మంచు పడిందని మానెయ్యడానికి! ఆ సంగతి అక్కకి చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది.

ఒక జనవరి నెలలో, అలాంటి ఫోను వచ్చిన పొద్దున్నే, నేను కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్ళేసరికి పిల్ల యూనిఫాం వేసుకుని నిలబడే సెల్‌ఫోనులో ఏదో చదువుకుంటోంది. తొంగి చూశాను. డాక్టరుగారి మందుల చీటీ లాగా ఉంది.

"ఏమిటే ఇది?"

"బెజవాడలో మంచు సంగతి పిన్నీ. అమ్మ ఇప్పుడు నీకు ఫోనులో చెప్పిందే ఇక్కడా ఉంది. కాకపోతే అమ్మ ఎదురింటి డాబాతో కొలుస్తుంది, వీళ్ళు మీటర్లతో కొలుస్తారు" అంది.

అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మీరూ ఒకసారి చదివి చూడండి.

టి.ఎ.ఎఫ్. వి.ఓ.బి.జడ్. 102300 జడ్. 1100/1109 00000 కె.టి. 1500 బి.ఆర్. ఎన్.ఎస్.సి. టెంపో 1100/1103 0500 ఎఫ్.జి. బి.ఇ.సి.ఎం.జి. 1103/1104 4000 హెచ్.జడ్.

చదివారా? నేనూ మీలాగే మొహం పెట్టాను. నేను బి.ఎ. చదివినదాన్ని. సైన్సుకీ నాకూ పదో తరగతితోనే చెల్లు. కానీ చరిత్ర అంటే మాత్రం ప్రాణం. ఇంత వికారమైన భాష ఊరికే పుట్టి ఉండదు, దీని వెనక ఏదో కథ ఉండే ఉంటుందనిపించింది. డ్యూటీ నుంచి తిరిగొచ్చాక పిల్లని కూర్చోబెట్టి ఉప్మా పెట్టి మరీ చెప్పించుకున్నాను. మిగతాది పుస్తకాల్లో వెతుక్కున్నాను.

టి.ఎ.ఎఫ్. అనే మూడక్షరాల్నీ కలిపి 'టాఫ్' అంటారు వాళ్ళు. ఒక విమానాశ్రయం మీద రాబోయే కొన్ని గంటల్లో వాతావరణం ఎలా ఉంటుందో చెప్పే అంచనా అన్నమాట. ఈ క్షణాన ఎలా ఉందో చెప్పేది వేరే ఉంది, దాన్ని 'మెటార్' అంటారు. ఒకటి చూసింది చెప్పడం, ఇంకొకటి చూడబోయేది చెప్పడం. తర్వాతి నాలుగక్షరాలూ ఊరి పేరు. ప్రపంచంలో ప్రతి విమానాశ్రయానికీ ఇలా నాలుగక్షరాల పేరుంది. మన దేశానివి 'వి'తో మొదలవుతాయి, దక్షిణాదివైతే ఆ పక్కన 'ఓ' వస్తుంది. శంషాబాదు వి.ఓ.హెచ్.ఎస్. మరి విజయవాడకి చివర 'బి.జడ్.' ఎందుకొచ్చింది? కాసేపు ఆలోచిస్తే నాకే తట్టింది. బెజవాడ! రైలు టిక్కెట్టు మీద బి.జడ్.ఎ. అని చూడలేదూ, అదే. ఊరి పేరు మార్చి ఎన్నేళ్ళయినా ఆకాశంలో మాత్రం అది బెజవాడే. మా అక్కకి ఈ ముక్క చెబితే మొదటిసారి ఆ కాగితం మీద కాస్త గౌరవం కలిగింది.

ఆ పక్కన అంకె చూసి నేను అడ్డుపడ్డాను. "ఇవాళ పదకొండో తారీఖు కదే, పది అని ఉందేం?"

"గ్రీనిచ్‌లో ఇంకా పదో తారీఖే పిన్నీ, రాత్రి పదకొండు గంటలు. ఆ టైముకి అయిదున్నర గంటలు కలుపుకుంటే మన టైము." చివరన 'జడ్' అంటే గ్రీనిచ్ టైమని గుర్తట. చిత్రం చూడండి, తారీఖు ఉంది, గంట ఉంది, నిమిషం ఉంది, నెల మాత్రం లేదు. అడిగితే "ఏ నెలో తెలియనివాడు విమానం ఎందుకెక్కుతాడు?" అంది. అనవసరమైన అక్షరం ఒక్కటి కూడా ఉండకూడదన్నమాట.

1100/1109 అంటే పదకొండో తారీఖు సున్నా గంట నుంచి తొమ్మిది గంటల దాకా, అంటే మన లెక్కలో పొద్దున్న అయిదున్నర నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా, ఈ అంచనా చెల్లుతుంది. తర్వాత అయిదు సున్నాలు. గాలి అసలు లేదని దానర్థం. మొదటి మూడంకెలూ గాలి వచ్చే దిక్కు, తర్వాతి రెండూ దాని వేగం. ఆకు కదలని తెల్లవారుజాముని అయిదు సున్నాల్లో చెప్పెయ్యడం చూసి, దాన్నే అరపేజీ వర్ణించే నాబోటి నవలా రచయిత్రులు సిగ్గుపడాలి. 1500 అంటే పదిహేను వందల మీటర్ల దూరం దాకా కనిపిస్తుంది. బి.ఆర్. అంటే పల్చటి మంచు.

"మంచుకి బి.ఆర్. ఏమిటే? ఇంగ్లీషులో అలాంటి మాటే లేదే!"

ఇంగ్లీషు కాదు, ఫ్రెంచి. ఫ్రెంచిలో మంచుని 'బ్రూమ్' అంటారు. పొగకి ఎఫ్.యు., అది 'ఫ్యూమే'. వడగళ్ళకి జి.ఆర్., అది 'గ్రెల్'. వానకి మాత్రం ఇంగ్లీషు. ఈ భాష ఉమ్మడి కాపరం లాంటిదన్నమాట. ఎవరి గిన్నెలు వాళ్ళు తెచ్చుకున్నారు, చివరికి ఏది ఎవరిదో మరిచిపోయి అందరూ వాడుకుంటున్నారు.

అసలింతకీ ఇంత పొదుపెందుకు? దీనికి జవాబు మా తాతగారి ట్రంకు పెట్టెలో దొరికింది నాకు. పాత టెలిగ్రాం ఒకటి ఉంది అందులో. 'ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ.' నాలుగే ముక్కలు. ఏ ముక్కకి ఆ ముక్క డబ్బు కట్టాలి కనక మనిషి దుఃఖం కూడా నాలుగు ముక్కల్లో సరిపెట్టుకోవాల్సి వచ్చేది. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సేవ నిలిపేశారు గానీ, పెళ్ళిళ్ళకి వచ్చిన శుభాకాంక్షల తంతులు మీలో కొందరి దగ్గరైనా ఇంకా ఉండే ఉంటాయి. పెళ్ళికో నంబరు, దీపావళికో నంబరు ఉండేవి. ఇక్కడ నంబరు చెబితే అక్కడ పూర్తి వాక్యం టైపయి వచ్చేది. వాతావరణం భాష పుట్టింది కూడా అచ్చంగా అక్కడే, ఆ తంతి తీగ మీదే.

తంతి రాకముందు వాతావరణ వార్తకి విలువే లేదు. ఆలోచించండి, గుర్రం మీద మనిషి తుఫాను కబురు తెచ్చేలోపు తుఫానే వచ్చేసేది. గాలికన్నా వేగంగా పరిగెత్తే కబురు మనిషి చేతికి అందింది 1840ల్లోనే. అమెరికాలో జోసెఫ్ హెన్రీ అనే పెద్దమనిషి స్మిత్‌సోనియన్ సంస్థ తరఫున 1849 నుంచి తంతి ఆఫీసుల ద్వారా ఊరూరి వాతావరణం తెప్పించుకుని, తర్వాత పటం మీద రంగు బిళ్ళలు తగిలించి జనానికి చూపించాడు. రోజూ కబుర్లు రావాలి, ముక్కకింత డబ్బు కట్టాలి. దాంతో మాటలు పోయి సంకేతాలు వచ్చాయి, తర్వాత అంకెలు వచ్చాయి. అయిదంకెల గుంపుని ఒక ముక్కగా లెక్కగట్టేవారు కనక వాతావరణాన్నంతా అయిదేసి అంకెల్లోకి కుక్కారు. మన గాలి లెక్కలో అయిదంకెలు ఆ పాత అలవాటునే గుర్తుచేస్తాయి.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నది నిజానికి ఆయన కోసమే.

రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ ఇంగ్లండు నౌకాదళంలో కెప్టెను. డార్విన్‌ని 1831లో ఎక్కించుకుని ప్రపంచం చుట్టి వచ్చిన 'బీగిల్' ఓడ ఆయనదే. డార్విన్ పేరు మనందరికీ తెలుసు, ఓడ నడిపినవాడిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? 1854లో ఆయన్ని ఒక చిన్న ప్రభుత్వ శాఖకి అధికారిగా వేశారు. సముద్రం మీద గాలుల లెక్కలు పోగుచెయ్యడం దాని పని, అంతే. 1859 అక్టోబరులో 'రాయల్ చార్టర్' అనే ఓడ ఆస్ట్రేలియా నుంచి బంగారం తవ్వుకున్నవాళ్ళని ఇళ్ళకి తీసుకొస్తూ, రేవు ఇంకాస్త దూరంలో ఉందనగా, వేల్స్ తీరంలో పెనుగాలికి బండలమీద బద్దలైంది. సుమారు 450 మంది పోయారు. ఒళ్ళో బంగారం, కళ్ళెదుట ఒడ్డు. ఆ తుఫాను వస్తున్న సంగతి తీరంలో ఇంకో చోటివాళ్ళకి ముందే తెలుసు, చెప్పే ఏర్పాటు లేదు, అంతే!

ఫిట్జ్‌రాయ్ ఊరుకోలేకపోయాడు. తీరం పొడవునా తంతితో కబుర్లు తెప్పించుకునే ఏర్పాటు చేశాడు. 1861 ఫిబ్రవరి నుంచి గాలివాన వచ్చే సూచన ఉంటే రేవుల్లో స్తంభాలకి శంకువులూ డోళ్ళూ ఎగరేయించాడు. అదే సంవత్సరం ఆగస్టు 1న 'టైమ్స్' పత్రికలో 'రేపటి వాతావరణం' అచ్చయింది. పత్రికలో అలా అచ్చుకావడం అదే మొదలు. దానికి ఇంగ్లీషులో 'ఫోర్‌కాస్ట్' అన్న మాట వాడుకలోకి తెచ్చింది కూడా ఆయనే. ఇది జోస్యం కాదు, దైవవాక్కు కాదు, లెక్కలు చూసి చెప్పే అభిప్రాయం మాత్రమే అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు.

ఎవరు విన్నారు? ఉగాది పంచాంగంలో ఈ ఏడు మేఘాధిపతి ఎవరో విని, వాన పడకపోతే పంతులుగార్ని ఏమీ అనం మనం. ప్రభుత్వాఫీసు నుంచి వచ్చిన మాట తప్పితే మాత్రం వదిలిపెడతామా! వాళ్ళూ అంతే. వానన్న రోజు ఎండ కాస్తే పత్రికలు వెక్కిరించాయి. శాస్త్రవేత్తలు, ఇది శాస్త్రమే కాదన్నారు. రేవులో జెండా చూసి పడవలు కదలకపోతే, ఆ రోజు సంపాదన పోయిందని యజమానులకి కోపం. బతికి ఇంటికొచ్చిన జాలరి భార్య మాత్రం పత్రికలకి ఉత్తరాలు రాయదు కదా. ఫిట్జ్‌రాయ్‌కి ఆరోగ్యం చెడింది, మనసు చెడింది. 1865 ఏప్రిల్ 30, ఆదివారం పొద్దున్న గడ్డం గీసుకునే కత్తితో ప్రాణం తీసుకున్నాడు.

ఆయన పోయాక ఒక సంఘాన్ని వేసి, దీనికి ఆధారం చాలదని చెప్పించి, 1866లో ఆ హెచ్చరికలు కూడా ఆపేశారు. అప్పుడు తెలిసింది వాటి విలువ. సముద్రం మీద బతికేవాళ్ళు గోల పెట్టారు. మరుసటి ఏడే హెచ్చరికలు తిరిగి మొదలుపెట్టక తప్పలేదు. పత్రికల్లో అంచనాలు రావడానికి మాత్రం 1879 దాకా పట్టింది. రేడియోలో ఓడలకోసం వాతావరణం చదువుతూ, సముద్రంలో ఒక భాగానికి ఇప్పుడు 'ఫిట్జ్‌రాయ్' అని పేరు చెప్తారు. ఆ పేరు పెట్టింది 2002లో.

మన వైపు సంగతి చూస్తే, 1864 ఒక్క ఏడే రెండు తుఫాన్లు. అక్టోబరులో కలకత్తా, నవంబరు 1న మన బందరు. బందరులో ఆ రాత్రి ఉప్పెనకి సుమారు ముప్పైవేల మంది పోయారు. కలకత్తా రేవుకి 1865లో హెచ్చరికల ఏర్పాటు జరిగింది. ఆ తర్వాత 1866లో, 1871లో వానలు ముఖం చాటేశాయి. ఇవన్నీ అయ్యాక, 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ అనే ఆయన దానికి మొదటి అధికారి. 'మచిలీపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక' అని పేపర్లో చదువుతాం చూడండి, ఆ నంబర్లు ఫిట్జ్‌రాయ్ ఎగరేసిన శంకువుల వంశంవే.

మా అమ్మమ్మగారిది అవనిగడ్డ ప్రాంతం. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన కథ మేము పాలతోపాటు తాగి పెరిగాం. "రేడియోలో తుఫానన్నారే. తుఫానంటే ఏటా వచ్చేదేగా అనుకున్నాం. ఎంత తుఫానో ఎవరికి తెలుసు?" అనేది అమ్మమ్మ. పదివేల మంది పోయారని లెక్క చెప్పారు. మా వాళ్ళలో ముగ్గురు ఆ లెక్కలో ఉన్నారు. మా అక్క ఆకాశాన్ని నమ్మకపోవడానికి మూలం అక్కడుంది. 'తుఫాను' అన్నారు గానీ, 'ఎంత' అన్నది అమ్మమ్మ చెవిదాకా రాలేదు.

విమానాలు వచ్చాక ఈ 'ఎంత', 'ఎప్పుడు' అన్నవి ప్రాణం మీదికి వచ్చాయి. ఓడ గాలివానలో కాసేపు లంగరేసుకుని ఉండగలదు, విమానం ఆకాశంలో ఎక్కడ ఆగుతుంది? 1919లో పారిస్‌లో విమానయానం మీద దేశాలు చేసుకున్న ఒప్పందంలోనే వాతావరణ కబుర్లు ఇచ్చిపుచ్చుకోవడం గురించి ప్రత్యేకంగా రాసుకున్నారు. మన దేశంలో 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం తెస్తే, అక్కణ్ణించి ఆయన స్నేహితుడు నెవిల్ విన్‌సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసు తీసుకెళ్ళాడు. బొంబాయిలో దిగే చోటు జుహూ ఇసకనేల. వానాకాలం అది నీళ్ళలో ఉండేది. దాంతో ఆ నాలుగు నెలలూ పూనాకి మకాం మార్చేవాళ్ళట, మనం వేసవికి అటక మీది సామాను దింపుకున్నట్టు.

ఆడవాళ్ళ సంగతి రాయకుండా ఈ పేజీ ముగిస్తే మీరు ఒప్పుకోరు. దేశంలో వాణిజ్య విమానాలు నడిపే లైసెన్సు అందుకున్న మొదటి స్త్రీ ప్రేమ్ మాథుర్. 1947లో లైసెన్సు చేతిలో పెట్టుకుని ఎన్ని కంపెనీల గడప తొక్కినా, ఆడది నడిపితే జనం ఎక్కుతారా అన్నారు. చివరికి ఉద్యోగమిచ్చింది మన హైదరాబాదు కంపెనీ, దక్కన్ ఎయిర్‌వేస్. బేగంపేట నుంచి డకోటాలు ఎగిరే రోజులవి. ఇక ఆ అంచనాలకి పునాది అయిన పరికరాల వైపు వస్తే, అన్నా మణి. కేరళ అమ్మాయి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, సి.వి. రామన్ దగ్గర పనిచేసి, 1948లో పూనా వాతావరణ శాఖలో చేరింది. విదేశాల నుంచి కొనుక్కుంటున్న వాతావరణ పరికరాల్ని మన దేశంలోనే తయారు చేయించడానికి దాదాపు వంద రకాల వాటికి నమూనాలు ఖాయం చేసింది. పరికరం తప్పు చెప్తే అంచనా ఎంత బాగా రాసి ఏం లాభం, పాలల్లో నీళ్ళు కలిశాక కాఫీ పొడి ఎంత మంచిదైతేనేం!

ఒక పాదరసపు గొట్టం ఎంత పని చెయ్యగలదో చెప్పే ముచ్చట ఇంకొకటి ఉంది. ఇది ఐర్లండులో జరిగింది. పడమటి కొసన, సముద్రం ఒడ్డున, బ్లాక్‌సాడ్ అని చిన్న ఊరు. అక్కడి పోస్టాఫీసులో మౌరీన్ ఫ్లావిన్ అనే అమ్మాయి అసిస్టెంటుగా చేరింది. స్టాంపులు అమ్మే పనే అనుకుని చేరితే, వాతావరణం చూడటం కూడా ఇందులో భాగమే అన్నారు. రాత్రీ పగలూ గంటగంటకీ బెరామీటరు చూడాలి, గాలి చూడాలి, మేఘం చూడాలి, అంకెలుగా మార్చి ఫోనులో డబ్లిన్‌కి చెప్పాలి. అవి యుద్ధం రోజులు. ఐర్లండు యుద్ధంలో లేదు, అయినా ఆ అంకెలు అక్కణ్ణించి గుట్టుగా ఇంగ్లండుకి చేరేవి. ఆ సంగతి మౌరీన్‌కి తెలియదు.

1944 జూన్ 3. ఆ రోజు ఆమెకి ఇరవై ఒకటో పుట్టినరోజు. తెల్లవారుజామున చూస్తే బెరామీటరులో పాదరసం గబగబా దిగిపోతోంది. ఉన్నదున్నట్టు రాసి పంపింది. కాసేపటికి ఫోను మోగింది. ఇంగ్లండు యాసలో ఒకావిడ, దయచేసి మరొకసారి సరిచూసి చెప్పండి అంది. చూసి చెప్పింది. మళ్ళీ ఫోను, మళ్ళీ అదే ప్రశ్న. తప్పు చేశానేమోనని ఆ పిల్ల గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో! మూడోసారి చూసినా పాదరసం అక్కడే ఉంది. ఫ్రాన్సు తీరంలో దిగడానికి లక్షన్నర మంది సైనికులు ఓడలెక్కి సిద్ధంగా ఉన్నారు, ముహూర్తం జూన్ 5. వాతావరణ సలహాదారు స్టాగ్, తుఫాను వస్తోంది ఆగమన్నాడు. సేనాధిపతి ఐసెన్‌హోవర్ ఒక రోజు వాయిదా వేశాడు. 5న గాలివాన కొట్టింది. 6న కాస్త తెరిపి ఇచ్చినప్పుడు దిగారు. తన అంకెలకీ దీనికీ సంబంధం ఉందని మౌరీన్‌కి తెలిసింది 1956లో. ఆవిడ నూరేళ్ళు బతికి 2023 డిసెంబరులో పోయింది.

ఆ తర్వాతి చరిత్ర అంతా కమిటీల చరిత్ర, దాన్ని గబగబా దాటేద్దాం. 1944 డిసెంబరులో చికాగోలో దేశాలన్నీ కూర్చుని పౌర విమానయానానికి ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. 1968 జనవరి 1 నుంచి మెటార్ అనేది ప్రపంచమంతటికీ వచ్చింది. అమెరికావాళ్ళు మాత్రం తమ పాత పద్ధతి వదలమని భీష్మించుకుని, 1996 జూలైలో గానీ దారికి రాలేదు. వచ్చాక ఆ ఫ్రెంచి అక్షరాలు చూసి అక్కడి పైలట్లు తల పట్టుకున్నారట. బి.ఆర్. అంటే 'బేబీ రెయిన్', పసివాన అని కంఠస్థం చేసుకున్నారట పాపం!

మళ్ళీ మన బెజవాడ కాగితం దగ్గరికి వద్దాం. ఇంకా సగం ఉంది, ఆ సగమే నాకు ముఖ్యం.

ఎన్.ఎస్.సి. అంటే చెప్పుకోదగ్గ మేఘం లేదని. ఎఫ్.జి. అంటే దట్టమైన పొగమంచు, వెయ్యి మీటర్లకన్నా తక్కువ దూరం కనిపిస్తే ఆ మాట వాడతారు. ఇక్కడ అయిదు వందల మీటర్లే. దాని ముందు టెంపో అని ఉంది. అది ఆటో కాదు, 'తాత్కాలికం' అన్నమాటకి కుదింపు. ఆ తాత్కాలికానికి కూడా లెక్కుంది. ఆ మంచు వచ్చినప్పుడల్లా గంటలోపే ఉండాలి, అన్నీ కలిపినా చెప్పిన సమయంలో సగం మించకూడదు. అయిదున్నరకీ ఎనిమిదిన్నరకీ మధ్య వస్తూ పోతూ ఉంటుంది, మొత్తం గంటన్నర దాటదు అని అర్థం. బి.ఇ.సి.ఎం.జి. అంటే క్రమంగా మారుతుందని. తొమ్మిదిన్నరకల్లా నాలుగు వేల మీటర్లు కనిపిస్తుంది, హెచ్.జడ్., అంటే దుమ్ము మసక మాత్రమే మిగులుతుంది.

ఇవి కాక ఇంకో మాట వస్తుందట కొన్ని కాగితాల్లో. 'ప్రాబ్ 30', 'ప్రాబ్ 40'. నూటికి ముప్పై పాళ్ళు జరగచ్చు, నలభై పాళ్ళు జరగచ్చు అని. ముప్పైకన్నా తక్కువైతే అసలు రాయరు. యాభైకి చేరిందంటే ఇక అనుమానం కింద రాయకూడదు, జరుగుతుందనే రాయాలి. ఈ మాట విన్నప్పుడు నేను చాలాసేపు ఉప్మా గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఫిట్జ్‌రాయ్ దగ్గర ఈ రెండు మాటలూ లేవు. ఆయన పత్రికలో వేసింది ఏ ప్రాంతంలో ఏ గాలి, ఎండా వానా అన్న నాలుగు ముక్కలు. తనకి తెలిసిందీ, తెలియందీ ఆ నాలుగు ముక్కల్లోనే కలిసిపోయాయి. తనకి ఎంతవరకు అనుమానమో రాసుకోవడానికి ఆయనకి జాగా లేకపోయింది. టెలిగ్రాం అంత పిసినారి భాషలో, నెల పేరుకి కూడా చోటివ్వని భాషలో, అనుమానానికి మాత్రం చోటిచ్చారు తర్వాతివాళ్ళు!

"ఇదంతా బాగానే ఉంది గానీ, ఇంతకీ వెళ్ళచ్చనా, వెళ్ళకూడదనా?" అంది అక్క ఫోనులో. నేను విన్నదంతా ఆ సాయంత్రం అక్కకి ఒప్పజెప్పాను లెండి. పిల్ల ఫోను లాక్కుంది. "వెళ్ళచ్చమ్మా. కానీ అక్కడ దిగడం కుదరకపోతే ఇంకో ఊరు వెళ్ళి దిగడానికి సరిపడా ఇంధనం వేసుకునే బయల్దేరతాం. అలాంటి రోజు, పైన కాసేపు చుట్లు కొట్టడానికి ఇంకాస్త." అక్క ఏమీ అనలేదు. కాసేపాగి, "అయితే వాళ్ళు తప్పు చెప్పినా మీ దగ్గర నూనె ఉంటుందన్నమాట" అంది. ఇంత సూటిగా నేనైతే రాయలేను.

ఆ తర్వాత అక్క తన మనవడిచేత ఫోనులో ఆ కాగితం వచ్చేలా పెట్టించుకుంది. ఫిబ్రవరి మొదట్లో ఒకరోజు నాలుగున్నర దాటాక ఫోను మోగింది. "అయిదు సున్నాలున్నాయే. బి.ఆర్. మామూలే. టెంపోలో ఎఫ్.జి. 0400 వేశాడు, ఎనిమిదిన్నర దాకా. దాన్ని నూనె కాస్త ఎక్కువే పోయించుకోమను."

"పోయించేశానని చెప్పు" అంది పిల్ల, బూట్లు వేసుకుంటూ.

ఆ రోజు గన్నవరం మీద అరగంట చుట్లు తిరిగి, మంచు విడవక, విమానం హైదరాబాదుకే తిరిగొచ్చింది. ఎక్కినవాళ్ళంతా చిరాకు పడ్డారట, అందులో ఒక పెళ్ళివారు కూడా ఉన్నారట. పదింటికి పిల్ల ఇంటికొచ్చి, మళ్ళీ పన్నెండింటికి వెళ్ళాలని పెసరట్టు తింటూ ఉంటే ఫోను మోగింది.

"ఎదురింటి డాబా కనిపిస్తోందని చెప్పు దానికి. బట్టలు కూడా ఆరేశారు" అంది అక్క.